వరుసలో ముందెవరు?

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషనులోని ప్రధానమైన ప్లాటుఫారం పొడవు 1072 మీటర్లకు పైమాటే. 2013లో గోరఖ్‌పూర్‌లో అంతకంటె పొడవైనది సిద్ధమయ్యేవరకు, ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాటుఫారమని దీనికి పేరు. తరాలపాటు బడిపిల్లలు ఈ సంగతిని వల్లె వేశారు. కాని దాని మీద నిలబడి బండికై ఎదురుచూచే మనిషికి ఆ రికార్డుతో పనిలేదు. అతని మనసులో ఉండేవి రెండే ప్రశ్నలు: నా పెట్టె ఎక్కడ ఆగుతుంది? అసలు నాకు పెట్టెలో చోటున్నదా?

మొదటి ప్రశ్నకు జవాబు పోర్టరు చెబుతాడు. రెండవదానికి చార్టు చెప్పాలి. ఒకప్పుడు చార్టు అంటే పెట్టె తలుపు పక్కన జిగురుతో అంటించిన కాగితం. పది తలలు ఒక్కసారిగా దాని మీదికి వంగేవి. పది వేళ్లు పేర్ల వెంట పాకేవి. నేడు ఆ కాగితం స్థానాన్ని చేతిలోని ఫోను ఆక్రమించింది. పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యను నొక్కి, ప్రయాణికుడు తన తీర్పును తానొక్కడే చదువుకొంటాడు. కాగితం పోయి తెర వచ్చింది గాని, ఆ క్షణాన గుండె కొట్టుకొనే తీరు మారలేదు.

ఆ తీర్పు ఎవరిది? ఏ లెక్కను బట్టి ఒకరి పేరు పైకి పోతుంది, మరొకరిది కిందనే ఉండిపోతుంది? ఈసారి ఆ సంగతి విచారిద్దాం. అందుకు రైలు నొక్కదానినే చూస్తే చాలదు. విమానాన్ని కూడా చూడాలి. మిగిలిన నాలుగు సీట్లను నలభైమందిలో ఎవరికివ్వాలన్న చిక్కు రెంటికీ ఒక్కటే. ఆ చిక్కును విప్పుకొన్న పద్ధతులు మాత్రం వేరు వేరు. ఆ తేడాలో మనం తెలుసుకోదగిన నీతి ఒకటి ఉన్నది.

ఒక ఊరు, రెండు ప్రయాణాలు

ఈ విచారణకు ఖరగ్‌పూర్ తగిన చోటు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1900లో రూపనారాయణ నది మీద వంతెన పూర్తయి, ఈ ఊరికి హౌరాతో రైలు సంబంధం కలిసింది. 1902లో తూర్పు తీరపు రైలుమార్గంలోని ఉత్తర భాగం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. దానితో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే యజమాని కింది ఊళ్లయినాయి. ఖరగ్‌పూర్‌లో వెలసిన పెద్ద వర్క్‌షాపులో పనికొరకు ఉత్తరాంధ్ర తీరం నుంచి కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చాయి. 1920లలో ఈ కంపెనీ కార్మికుల ఉద్యమానికి నాయకత్వం వహించినవారిలో బరంపురానికి చెందిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి ముఖ్యుడు. ఆయనే తరువాత 1969లో రాష్ట్రపతి అయినారు.

ఆ కుటుంబాల మూడవ తరం, నాలుగవ తరం ఇప్పటికీ ఈ ఊళ్లో ఉన్నది. గోల్‌బజారులో బేరమాడేటప్పుడు బెంగాలీ, ఇంట్లో తెలుగు. పెళ్లి అయినా, చావు అయినా, వేసవి సెలవులైనా దక్షిణాభిముఖంగా ప్రయాణం తప్పదు. విశాఖపట్నం ఇక్కడికి సుమారు 765 కిలోమీటర్లు. ఒక రాత్రి బండిలో పడుకొంటే చేరిపోయే దూరం. పడుకొనే చోటు దొరకడమే సమస్య.

అదే ఊళ్లో, హిజ్లీ నిర్బంధ శిబిరం ఉండిన భవనంలో, 1951లో దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి. మొదలయింది. అక్కడ చదివిన వారెందరో అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. వారిలో తెలుగువారు తక్కువ కాదు. నెలకు నాలుగుసార్లు విమానమెక్కడం వారిలో కొందరికి ఉద్యోగంలో భాగం. ఆ విధంగా ఒకే ఊరి పేరు చెప్పుకొనే ఇద్దరు మనుషులు ఒకే రాత్రి రెండు వేర్వేరు జాబితాలలో తమ పేర్లు వెదకుకొంటూ ఉండవచ్చు. ఒకరు చికాగో విమానాశ్రయంలో మొదటి తరగతికి మార్పు కొరకు. మరొకరు ఖరగ్‌పూర్ ప్లాటుఫారం మీద స్లీపరులో ఒక బెర్తు కొరకు.

ఆకాశంలో వరుస

ముందుగా విమానాల సంగతి. 1978 వరకు అమెరికాలో విమాన చార్జీలను, మార్గాలను ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ ఏడు అక్టోబరులో వచ్చిన చట్టంతో ఆ కట్టుబాటు సడలింది. కంపెనీల మధ్య ధరల పోటీ రేగింది. ఈరోజు ఒక కంపెనీ, రేపు మరొక కంపెనీ అంటూ ప్రయాణికుడు చౌక ఎక్కడుంటే అక్కడికి పోసాగాడు. అతనిని తమ గుమ్మం దాటిపోకుండా చూచుకొనడం ఎట్లా?

1981 మే 1వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్స్ దీనికొక ఉపాయం ప్రకటించింది. తమ విమానాలలో ప్రయాణించిన మైళ్లను ఖాతాలో జమకట్టి, ఆ జమకు బదులుగా ఉచిత టికెట్టో, పై తరగతిలో సీటో ఇస్తామన్నది. కొద్ది రోజులలోనే యునైటెడ్ కంపెనీ కూడా అదే బాట పట్టింది. తరచుగా వచ్చేవారెవరో కనిపెట్టడానికి అమెరికన్ కంపెనీ తన రిజర్వేషను కంప్యూటరులో మళ్లీ మళ్లీ కనిపించే ఫోను నంబర్లను వెదికించింది. కిరాణా కొట్టు షావుకారు పాత ఖాతాదారును ముఖం చూచి గుర్తుపడతాడు. ఇక్కడ యంత్రం అంకెలను చూచి గుర్తుపట్టింది.

క్రమంగా ఈ ఖాతాదారులలో మెట్లు ఏర్పడ్డాయి. వెండి, బంగారం, ప్లాటినం అని లోహాల పేర్లు పెట్టారు. మొదటి తరగతిలో సీట్లు మిగిలితే, కింది తరగతి టికెట్టు కొన్న ఈ మెట్లవారిని అదనపు రుసుము లేకుండా పైకి పిలుస్తారు. మిగిలిన సీట్లకంటె మెట్లవారు ఎక్కువైనప్పుడు జాబితా తయారవుతుంది. అమెరికాలోని అనేక విమానాశ్రయాలలో గేటు దగ్గరి తెర మీద ఈ జాబితాను చూపుతారు. ఇంటిపేరులో మొదటి కొన్ని అక్షరాలే కనిపిస్తాయి. మన పొడుగాటి ఇంటిపేర్లు అక్కడ మూడక్షరాలకు కుదించుకుపోతాయి. అయినా ఎవరికి వారు తమ మూడక్షరాలను వెంటనే పోల్చుకొంటారు.

ఆ జాబితాను పేర్చే విధానం కంపెనీని బట్టి కొంత మారినా, స్థూలంగా ఇది: మొదట మెట్టు. ప్లాటినం వారందరి తరువాతనే బంగారం. బంగారం తరువాత వెండి. ఒకే మెట్టుమీద ఇద్దరుంటే, ఎవరు ఎక్కువ ధర టికెట్టు కొన్నారో, గడచిన పన్నెండు నెలలలో ఎవరి ఖాతా ఎక్కువ బరువెక్కిందో చూస్తారు. అవి కూడా తేల్చనప్పుడే, ఎవరు ముందు అడిగారన్నది లెక్కకు వస్తుంది. అంటే మనం చిన్ననాటి నుంచి క్యూ అనగానే నేర్చుకొన్న నియమం, ముందు వచ్చినవాడు ముందు అన్నది, అక్కడ ఆఖరి నియమం.

ఈ ఏర్పాటు వెనుక లెక్క సులభమైనదే. విమానం తలుపు మూసిన మరుక్షణం ఖాళీ సీటు విలువ సున్న. కాని తలుపు మూయకముందు అదే సీటు ఒక ఆశ. ఆ ఆశతోనే వచ్చే నెల కూడా ప్రయాణికుడు ఇదే కంపెనీ టికెట్టు కొంటాడు. పైగా తరచుగా ప్రయాణించేవారిలో చాలామంది టికెట్టుకు డబ్బు చెల్లించేది వారి యజమాని. సౌఖ్యం అనుభవించేది మాత్రం వారు. చెల్లించేది ఒకరు, మురిసేది మరొకరు అయినప్పుడు, కొద్దిపాటి ధర తేడా కొరకు కంపెనీ మారేవాడెవడు?

అయితే ఈ విధేయతకు కొలబద్ద క్రమంగా మారింది. తొలినాళ్లలో తిరిగిన మైళ్లే కొలత. 2015లో డెల్టా, యునైటెడ్ కంపెనీలు, 2016లో అమెరికన్ కంపెనీ, తిరిగిన దూరానికి బదులు చెల్లించిన సొమ్మును బట్టి మైళ్లు జమచేయసాగాయి. 2024 నుంచి డెల్టాలో మెట్టు ఎక్కడానికి కూడా ఖర్చు పెట్టిన డాలర్లే లెక్క. ఒకప్పుడు మెట్లవారికి ఉచితంగా దక్కిన మొదటి తరగతి సీట్లను, బయలుదేరే ముందు రోజులలో కొద్దిపాటి అదనపు ధరకు ఎవరికైనా అమ్మడం కూడా పెరిగింది. కొన్ని కంపెనీలు వాటిని వేలానికి పెడుతున్నాయి. ఇరవయ్యేళ్లు నమ్మకంగా తిరిగిన బంగారపు ఖాతాదారు జాబితాలో నాలుగవవాడుగా నిలబడి ఉండగానే, నిన్న మొదటిసారి విమానమెక్కినవాడు రుసుము కట్టి ముందు వరుసలో కూర్చొనడం నేడు వింత కాదు. విధేయతకు విలువ కట్టిన వ్యాపారమే, అంతకంటె మంచి బేరం దొరకగానే విధేయతను పక్కకు జరిపింది.

నేలమీది వరుసలు

ఇక ఖరగ్‌పూర్ ప్లాటుఫారానికి తిరిగి వద్దాం. ఇక్కడ వెయిటింగు లిస్టు అన్నది పై తరగతి కొరకు కాదు. అసలు ప్రయాణం కొరకు. విమానపు జాబితాలోని మనిషికి సీటు ముందే ఉన్నది. వాడు కోరేది మరికొంచెం మెత్తనిది. రైలు జాబితాలోని మనిషికి చోటే లేదు. ఈ తేడాను మరచిపోతే మనం రెండింటినీ ఒకే త్రాసులో తూచిన తప్పు చేస్తాము.

పైగా రైలులో వరుస ఒకటి కాదు. బండి బయలుదేరే స్టేషను దగ్గర ఎక్కి చివరిదాకా, లేక చివరికి దాపుగా పోయేవారికి సాధారణ జాబితా. మధ్యలోని కొన్ని ముఖ్య స్టేషన్లకు విడిగా కేటాయించిన బెర్తులకు మరొక జాబితా. మధ్యలో ఎక్కి మధ్యలో దిగేవారికి, ఇటువంటి స్టేషన్లన్నిటికీ కలిపి ఇచ్చిన కొద్ది బెర్తులకు ఉమ్మడి జాబితా. తత్కాల్ టికెట్లకు వేరే జాబితా. ఇవి పక్కపక్కనే సాగే నాలుగు క్యూల వంటివి. ఒక క్యూ చకచకా కదులుతూ ఉంటే, పక్కది కదలకుండా నిలిచిపోవచ్చు.

ఇందులో ఖరగ్‌పూర్ వాసికి ఉన్న ఇబ్బంది చూడండి. చెన్నై, సికిందరాబాదు వైపు పోయే పెద్ద బండ్లలో చాలావరకు హౌరా, షాలిమార్ వంటి చోట్ల బయలుదేరతాయి. ఖరగ్‌పూర్ వాటికి మధ్య స్టేషను. విశాఖపట్నం కూడా మధ్య స్టేషనే. కనుక అతని పేరు తరచు చేరేది చిన్న జాబితాలలో. సాధారణ జాబితాలో ముప్పయ్యవవాడికి బెర్తు దొరికిన రోజున, ఉమ్మడి జాబితాలో పదవవాడికి దొరకకపోవచ్చు. తన సంఖ్య చిన్నదే గదా అని ధైర్యపడి, ప్లాటుఫారందాకా వచ్చి భంగపడినవారెందరో! సంఖ్య ఎంత అన్నదానికంటె, అది ఏ జాబితాలోని సంఖ్య అన్నది ముఖ్యం.

అయితే ఈ జాబితాలన్నిటిలో ఒక గుణం ఉన్నది. ఒక్కొక్క జాబితాలో వరుస టికెట్టు కొన్న క్రమమే. నూరుసార్లు ప్రయాణించినవానికి, జీవితంలో మొదటిసారి బండి ఎక్కేవానికి తేడా లేదు. క్రెడిట్ కార్డు మీద పోగుచేసిన పాయింట్లతో టికెట్టు కొనుక్కోవచ్చునేమో గాని, వెయిటింగు లిస్టులో ఒక్క మెట్టు కూడా ఎక్కలేరు.

పైవాడు జరిగితే కిందివాడికి చోటు

2006లో మన రైల్వేలు పై తరగతికి మార్చే ఒక పథకం ప్రవేశపెట్టాయి. బండికి చార్టు తయారయ్యే వేళ పై తరగతులలో బెర్తులు ఖాళీగా మిగిలితే, కింది తరగతిలో పూర్తి చార్జీ చెల్లించి బెర్తు ఖాయమైనవారిలో కొందరిని కంప్యూటరు పైకి మారుస్తుంది. అదనపు రుసుము లేదు. ఎవరిని మార్చాలన్నది చీటీ తీసినట్లు యంత్రమే ఎంచుతుంది. ఎంతమంది అధికారులు తెలుసు, ఎన్నేళ్లుగా ప్రయాణిస్తున్నారు అన్న ప్రశ్న దానికి తెలియదు. 2025లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఎవరినైనా రెండు మెట్లకు మించి పైకి మార్చరు.

ఇది ప్రయాణికునికి దక్కిన చిన్న అదృష్టంగానే చాలామంది భావిస్తారు. స్లీపరు టికెట్టు కొని చల్లని పెట్టెలో పడుకొన్న కథను ఊరంతా చెప్పుకొంటారు. కాని ఆ పథకంలోని అసలు మేలు పైకి పోయినవానిది కాదు. వాడు ఖాళీచేసిన బెర్తుది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక బండిలో రెండవ తరగతి ఎ.సి.లో ఐదు బెర్తులు ఖాళీ. అక్కడ ఎదురుచూచేవారు లేరు. మూడవ తరగతి ఎ.సి. నిండి, ఇంకా ముగ్గురు వెయిటింగు లిస్టులో ఉన్నారు. స్లీపరు కూడా నిండి, పదిమంది ఎదురుచూస్తున్నారు. ఏ మార్పూ చేయకపోతే ఐదు బెర్తులు ఖాళీగా పోతాయి. పదముగ్గురు ప్లాటుఫారం మీద మిగిలిపోతారు. ఇప్పుడు మూడవ తరగతి ఎ.సి. నుంచి ఐదుగురిని పైకి మార్చండి. అక్కడ ఐదు ఖాళీలు ఏర్పడ్డాయి. ముగ్గురు నిరీక్షకులకు మూడు ఇవ్వగా రెండు మిగిలాయి. వాటిలోకి స్లీపరు నుంచి ఇద్దరిని మార్చండి. స్లీపరులో రెండు బెర్తులు ఖాళీ అయినాయి. పదిమందిలో ఇద్దరికి దక్కాయి. మొత్తం మీద ఏడుగురు సౌఖ్యం పెంచుకొన్నారు. అసలు ప్రయాణమే లేని ఐదుగురికి ప్రయాణం దక్కింది. రైల్వేకు ఖర్చు దాదాపు లేదు.

ఈ లెక్కలో పైకి పోయే ఏడుగురు ఎవరన్నది ముఖ్యం కాదు. అందుకే చీటీ వేసినా అన్యాయం కాదు. ప్రతిఫలంగా ఇచ్చేటప్పుడు అర్హత చూడాలి. దారి వదలమని జరిపేటప్పుడు అర్హతతో పనేమున్నది?

న్యాయంగా చెప్పాలంటే, విమానాలలో కూడా ఇటువంటి జరుపుడు లేకపోలేదు. కొందరు రారన్న అంచనాతో కంపెనీలు ఉన్న సీట్లకంటె ఎక్కువ టికెట్లు అమ్ముతాయి. అందరూ వచ్చిన రోజున కొందరిని పై తరగతికి మార్చి కింద చోటు చేస్తాయి. కాని అప్పుడు కూడా ముందు పిలిచేది మెట్లవారినే. రెండు పద్ధతులలోనూ జరిగే పని ఒకటే. ఒకచోట దానికి బహుమతి అని పేరు. మరొకచోట సర్దుబాటు అని పేరు.

పాసు గలవాని పాలు

ఖరగ్‌పూర్ వంటి రైల్వే ఊళ్లో ఈ పథకానికి మరొక ముఖం కనిపిస్తుంది. ఇక్కడ వేల కుటుంబాలకు ఏటా కొన్ని సెట్ల పాసులు లభిస్తాయి. తండ్రి వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు సుత్తి పట్టిన ఫలితం అది. సంస్థకు విధేయత అంటే ఇంతకంటె ఏమున్నది? కాని పై తరగతికి మార్చే పథకం పూర్తి చార్జీ చెల్లించిన టికెట్లకే వర్తిస్తుంది. పాసు మీద, రాయితీ టికెట్టు మీద పోయేవారు దాని పరిధిలోకి రారు. నిన్నగాక మొన్న ఊరికి వచ్చిన అతిథి చల్లని పెట్టెలోకి మారవచ్చును. ఆ పెట్టె చక్రాలను బాగుచేసిన చేతికి ఆ అవకాశం లేదు.

వినడానికి ఇది కఠినంగా తోస్తుంది. కాని దీనికి సమర్థన లేకపోలేదు. పాసు అన్నది జీతంతోపాటు వచ్చే హక్కు. దాని తరగతి ఉద్యోగపు హోదాను బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. విమాన కంపెనీలలో కూడా ఇంతే. ఉద్యోగులు తమ విమానంలో నామమాత్రపు రుసుముతో పోవచ్చు. కాని డబ్బు చెల్లించిన ప్రయాణికులందరూ కూర్చొన్న తరువాత మిగిలితేనే సీటు. ఆ మిగిలిన సీట్లకు తమలో తాము నిలబడే వరుస సాధారణంగా ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి ఉంటుంది. ఇంటివాళ్లు చివరి పంక్తిలో భోజనం చేయడం మన సంప్రదాయమే గదా!

హోదాకు లోహాల పేర్లు పెట్టడం కూడా విమానాలవారు కనిపెట్టిన వింత కాదు. మన రైల్వేలలో ఉన్నతాధికారులకు బంగారు, వెండి, కంచు పాసులన్న ఏర్పాటు ఉన్నది. ఒకచోట ఖర్చు పెట్టిన డబ్బు బంగారాన్ని తెస్తుంది, మరొకచోట పదవి తెస్తుంది. లోహం మాత్రం అదే.

కనిపించని వాటా

పదవి మాట వచ్చింది కనుక, వెయిటింగు లిస్టు క్రమాన్ని దాటిపోయే ఒక దారిని గురించి కూడా చెప్పాలి. ప్రతి ముఖ్యమైన బండిలోను కొన్ని బెర్తులను అత్యవసర కోటా పేర అట్టిపెడతారు. వెయిటింగు లిస్టులో ఉన్నవారి కొరకు వచ్చిన లిఖితపూర్వకమైన అభ్యర్థనలను చార్టు తయారీకి ముందు పరిశీలిస్తారు. ఉన్నత పదవులలో ఉండి స్వయంగా ప్రయాణించేవారికి, పార్లమెంటు సభ్యులు మొదలైనవారికి, ప్రభుత్వ ప్రాధాన్య క్రమపట్టికను అనుసరించి మొదట కేటాయిస్తారు. ఆ తరువాత మిగిలినవాటికి ప్రభుత్వ కార్యం, కుటుంబంలో మరణం, అనారోగ్యం, ఉద్యోగపు ఇంటర్వ్యూ వంటి కారణాలను లెక్కలోకి తీసుకొంటారు.

మన రిజర్వేషను వ్యవస్థలో మనిషి అవసరమేమిటని అడిగే చోట్లు చాలా తక్కువ. అందులో ఇది ఒకటి. కొన్న క్రమం అవసరాన్ని అడగదు. పూర్తి చార్జీ అడగదు. చీటీ అసలే అడగదు. తల్లికి తుది ఘడియలని విజయనగరం నుంచి కబురు వచ్చినవాడు, వేలూరు ఆసుపత్రిలో తేదీ ఖాయమై రోగిని పడుకోబెట్టి తీసుకుపోవలసినవాడు, సెలవులకు సరదాగా పోయేవాడు ముగ్గురూ యంత్రానికి మూడు సంఖ్యలే. వారి మధ్య తేడా చూడగల ఒక్క కిటికీ ఇది. కాని ఆ కిటికీ దగ్గర కూడా పదవి ముందు నిలబడుతుంది, అవసరం దాని వెనుక. పైగా ఇట్టి కిటికీ ఒకటి ఉన్నదన్న సంగతి, దాని అవసరం అందరికంటె ఎక్కువ ఉన్నవారికే తెలియదు. తెలిసినవారి ద్వారా పోవాలేమోనని జంకి, అడగనైనా అడగరు.

డబ్బు కూడా రైలు వరుసలోకి ప్రవేశించకపోలేదు. 1997లో తత్కాల్ పద్ధతి వచ్చింది. 2016 సెప్టెంబరు నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో బండ్లలో బెర్తులు అమ్ముడుపోయినకొద్దీ చార్జీ పెరిగే విధానం అమలులోకి వచ్చింది. కనుక ఆకాశంలో డబ్బు, నేలమీద సమానత్వం అని గీత గీసి సంతోషపడడానికి వీలులేదు. ప్రతి వరుసలోను కొంత డబ్బు, కొంత పదవి, కొంత కాలక్రమం, కొంత అదృష్టం కలిసి ఉంటాయి. పాళ్లు మాత్రమే వేరు.

మనం చేయదగినవి

పాళ్లను మార్చడం మన చేతిలో లేదు. కాని వాటిని తెలుసుకొనడం మన చేతిలో ఉన్నది. రైలు ప్రయాణికులకు పనికివచ్చే నాలుగు మాటలు:

టికెట్టు కొనేటప్పుడు మీ సంఖ్యతోపాటు అది ఏ జాబితాలోనిదో చూడండి. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. పండుగ ప్రయాణాలకు ఆ మొదటి రోజే ముఖ్యం. 2025 మే నుంచి కౌంటరులో కొన్న వెయిటింగు లిస్టు టికెట్టుతో కూడా స్లీపరు, ఎ.సి. పెట్టెలలో ఎక్కనివ్వరు, పాత అలవాటుమీద ఎక్కి అవమానపడవద్దు.

ఫారంలో పై తరగతికి మార్పుకు సమ్మతమా అన్న గడి ఉంటుంది. ఏమీ రాయకపోతే సమ్మతించినట్లే లెక్క. మీతోపాటు మరొక టికెట్టుమీద ముసలివారో, పిల్లలో ప్రయాణిస్తూ ఉంటే, ఒకరు ఒక పెట్టెలో, మరొకరు మరొక పెట్టెలో పడకుండా ఆలోచించి రాయండి. అందరూ ఒకే పి.ఎన్.ఆర్. మీద ఉంటే ఈ చిక్కు లేదు. మారిస్తే అందరినీ మారుస్తారు. 2015లో వచ్చిన వికల్ప్ పద్ధతిని కోరుకొంటే, మీ బండిలో చోటు లేనప్పుడు మరొక బండిలో దొరికే అవకాశం ఉన్నది.

ఇంట్లో మరణమో, తీవ్రమైన జబ్బో సంభవించి ప్రయాణం తప్పనిసరి అయినప్పుడు, టికెట్టు వివరాలతో, కారణానికి ఆధారంతో రైల్వే కార్యాలయంలో అత్యవసర కోటాకు దరఖాస్తు పెట్టండి. దొరుకుతుందన్న హామీ లేదు. కాని అడగడం తప్పు కాదు; ఆ కోటా ఉన్నది అందుకే.

చివరి మాట. పోవలసిన చోటికి పోతామని తెలిసి, మరింత సుఖంగా పోవాలని ఎదురుచూచే జాబితాలో ఎవరు ముందున్నా లోకానికి నష్టం లేదు. అక్కడ కంపెనీవారు తమ ఖాతాదారులను తమకు నచ్చినట్లు వరుసలో నిలబెట్టుకొనవచ్చు. కాని పోతామో లేదో తెలియక ఎదురుచూచే జాబితా వేరు. అక్కడ ఒక స్థానం ముందుకు జరగడమంటే, కొన్నిసార్లు కన్నతల్లిని కడసారి చూడగలగడం. అట్టి జాబితాను పేర్చేవారు, ఎవరు ఎక్కువ చెల్లించారన్న ప్రశ్నకంటె, ఎవరు ఎంత పెద్దవారన్న ప్రశ్నకంటె ముందు, ఎవరికి ఆగే వీలులేదన్న ప్రశ్న వేసుకొనాలి.

ఖరగ్‌పూర్ ప్లాటుఫారం మీద ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు ఫోను తెరమీద పది అంకెలు నొక్కుతూ ఉంటారు. ఎక్కడో పై తరగతిలో ఒక అపరిచితుడు ఒక మెట్టు పైకి జరిగినందువలన ఆ తెరమీద బెర్తు సంఖ్య వెలుస్తుంది. ఆ జరిగినవాడెవరో వీరికి తెలియదు. తాను జరిగినందువలన ఎవరికి మేలు కలిగిందో వానికీ తెలియదు. అయినా బండి ఇద్దరినీ ఎక్కించుకొని దక్షిణం వైపు కదులుతుంది.